ఎండను గింజగా మార్చే ఆకు

(పాఠం ఉద్దేశం: మొక్క తన ఆకులలో ఆహారాన్ని సిద్ధం చేసుకొనే తీరును వివరించడం, ఆ తీరుకూ రాయలసీమ మెట్ట సేద్యానికీ గల సంబంధాన్ని తెలియజేయడం.)

అనంతపురం నగరానికి దక్షిణంగా, బెంగళూరు వెళ్ళే 44వ జాతీయ రహదారిని ఆనుకొని ఉన్న మండల కేంద్రం రాప్తాడు. చుట్టూ ఎర్రనేలలు, గులకరాళ్ళు కలిసిన పలుచని మట్టిపొర, దాని కింద రాతి నేల. ఈ పీఠభూమి పడమటి కనుమల చాటున ఉన్నది. నైరుతి ఋతుపవనాలు తమ నీటిభారాన్ని చాలావరకు కనుమల మీదనే దించి, తేలికపడి ఇటు వస్తాయి. ఈశాన్య ఋతుపవనాలు తూర్పుతీరం నుంచి ఇంతదూరం వచ్చేసరికి బలం కోల్పోతాయి. అందువల్ల అనంతపురం జిల్లాలో సాలీనా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ కొద్దిపాటి వాన అయినా అదనుకు కురుస్తుందన్న నమ్మకం లేదు. విత్తనం వేయడానికి పదును దొరికిన ఏట, పైరు పూతకు వచ్చేవేళ మబ్బు ముఖం చాటేయడం ఈ నేలకు పరిపాటి.

వానకు కరవు ఉన్నది గాని, ఇక్కడ ఎండకు కరవు లేదు. మొక్కకు ఆహారం సమకూర్చేది సూర్యకాంతి అని చిన్న తరగతులలోనే చదువుకొన్నాం. ఆ మాట నిజమైతే, ఎండ ఇంత పుష్కలంగా ఉన్న చోట పంట కూడా పుష్కలంగా ఉండాలి కదా! మరి రాప్తాడు పొలాలలో పైరు ఎండి, రైతు ఊరు విడిచి వలసపోవలసిన సంవత్సరాలు ఎందుకు వస్తున్నాయి? ఈ ప్రశ్నకు సమాధానం ఆకు లోపల ఉన్నది. సూర్యకాంతిని ఆకు ఎలా పట్టుకొంటుందో, పట్టుకొన్న కాంతిని గింజగా మార్చడానికి ఏ మూల్యం చెల్లిస్తుందో తెలిస్తే, కరవుసీమలో రైతు పడే పాట్లు కూడా కొత్త వెలుగులో కనిపిస్తాయి.

రెండు పేర్లు – రెండు సత్యాలు

సంస్కృత నిఘంటువైన అమరకోశం చెట్టుకు చెప్పిన పర్యాయపదాలలో ‘పాదపం’, ‘పలాశి’ అనేవి ఉన్నాయి. పాదాలతో, అనగా వేళ్ళతో నీరు త్రాగేది గనుక చెట్టు పాదపం. పలాశమనగా ఆకు. ఆకులు కలిగినది గనుక పలాశి. మొదటి పేరు వేరును చూసి పెట్టినది, రెండవ పేరు ఆకును చూసి పెట్టినది. మొక్క జీవనం అంతా ఈ రెండు పేర్ల నడుమనే ఉన్నది. వేరు తెచ్చే నీటికీ, ఆకు పట్టే వెలుగుకూ సమన్వయం కుదిరినప్పుడే ఆహారం పుడుతుంది.

ఆ ఆహార నిర్మాణానికి మన శాస్త్రగ్రంథాలు పెట్టిన పేరు ‘కిరణజన్య సంయోగక్రియ’. కిరణాల వల్ల జన్యమైనది, అనగా పుట్టినది, కిరణజన్యం. సంయోగం అంటే కలయిక. సూర్యకిరణాల బలంతో నీటినీ కార్బన్ డయాక్సైడునూ కలిపి పిండిపదార్థంగా మార్చే క్రియ అని ఈ పదబంధానికి అర్థం. పలకడానికి కొంత దీర్ఘంగా ఉన్నా, చెప్పవలసిన విషయాన్ని చక్కగా చెప్పే పారిభాషిక పదమిది.

సత్యాన్వేషణలో కొన్ని మెట్లు

మొక్క తన బరువును ఎక్కడి నుంచి తెచ్చుకొంటుంది? మట్టి నుంచే అని లోకం చాలాకాలం నమ్మింది. బెల్జియం ప్రాంతానికి చెందిన వాన్ హెల్మాంట్ అనే వైద్యుడు ఈ నమ్మకాన్ని పరీక్షించాడు. ఎండబెట్టి తూచిన 200 పౌన్ల మట్టిని ఒక తొట్టిలో పోసి, అందులో 5 పౌన్ల బరువు గల విల్లో మొక్కను నాటి, ఐదేళ్ళపాటు నీరు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌన్లకు పెరిగింది. మట్టి తగ్గింది మాత్రం సుమారు రెండు ఔన్సులే. ఆయన మరణానంతరం 1648లో ఈ ప్రయోగ వివరాలు వెలువడ్డాయి. చెట్టు బరువంతా నీటి నుంచే వచ్చిందని ఆయన తీర్మానించాడు. ‘పాదపం’ అనే మాటలోని సగం సత్యమే ఆయనకు అందింది. గాలి పాత్ర ఆయన ఊహకు రాలేదు.

ఆ రెండవ సగం పద్దెనిమిదవ శతాబ్దంలో బయటపడింది. 1771లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్‌లీ, కొవ్వొత్తి మండి ఆరిపోయిన మూసిన పాత్రలో పుదీనా కొమ్మను ఉంచాడు. కొన్ని రోజుల తరువాత ఆ గాలిలో కొవ్వొత్తి మళ్ళీ వెలిగింది. 1779లో ఇంగెన్‌హౌజ్, మొక్కకు ఈ శక్తి ఎండ తగిలినప్పుడే, అదీ ఆకుపచ్చని భాగాలలోనే ఉంటుందని నిరూపించాడు. తరువాత సెనెబియర్ కార్బన్ డయాక్సైడ్ అవసరాన్నీ, 1804లో ద సోస్యూర్ నీటి పాత్రనూ స్పష్టం చేశారు. ఈ విధంగా వేరు, ఆకు, గాలి, ఎండ అనే నాలుగూ ఒకే వాక్యంలోకి వచ్చాయి.

ఆకు లోపలి వెలుగుల ఉచ్చు

ఒక ఆకును పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే, కణాలలో ఆకుపచ్చని చిన్న చిన్న బిళ్ళలు కనిపిస్తాయి. ఇవే హరితరేణువులు. ఒక్కొక్క దాని పొడవు మిల్లీమీటరులో సుమారు రెండువందవ వంతు. ఒక కణంలో ఇటువంటివి పదులకొలది ఉంటాయి. హరితరేణువు లోపల పలుచని పొరల సంచులు నాణేలను దొంతరగా పేర్చినట్లు ఉంటాయి. వాటిని థైలకాయిడ్లు అంటారు. ఆ పొరలలో ఇమిడి ఉన్న వర్ణద్రవ్యమే పత్రహరితం. దాని అణువు నడుమ ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది.

సూర్యకాంతిలోని ఎరుపు, నీలం, ఊదా కిరణాలను పత్రహరితం ఎక్కువగా గ్రహిస్తుంది. ఆకుపచ్చని కాంతిని తక్కువగా గ్రహించి, అందులో కొంతభాగాన్ని తిప్పి పంపుతుంది. ఆ తిరిగివచ్చిన కాంతే మన కంటికి పచ్చదనం. పైరు పచ్చగా ఉన్నదని మనం మురిసిపోయే రంగు, నిజానికి ఆకు తక్కువగా వాడుకొన్న రంగు.

పత్రహరితం అణువులు విడివిడిగా పనిచేయవు. కొన్ని వందల అణువులు ఒక గుంపుగా ఏర్పడి, వాటిలో ఏ ఒక్కదానిపై కిరణం పడినా, ఆ శక్తిని ఒకదాని నుంచి మరొకదానికి అందిస్తూ గుంపు నడుమ ఉన్న చర్యాకేంద్రానికి చేరుస్తాయి. నీళ్ళబిందెను బావి నుంచి ఇంటిదాకా చేతులు మార్చుకొంటూ తెచ్చినట్లు ఈ బదిలీ జరుగుతుంది. అయితే దీనికి పట్టే కాలం సెకనులో వందకోట్లవ వంతు కంటే కూడా తక్కువ. శక్తి చేరగానే చర్యాకేంద్రంలోని పత్రహరితం ఒక ఎలక్ట్రానును విడిచిపెడుతుంది. కాంతి పట్టుబడింది అని చెప్పదగిన క్షణం ఇదే. సూర్యుని నుంచి సుమారు 8 నిమిషాల 20 సెకన్లు ప్రయాణించి వచ్చిన వెలుగు ఇక్కడ జీవశక్తిగా మారడం ఆరంభిస్తుంది.

విడిచిన ఎలక్ట్రాను స్థానాన్ని భర్తీ చేయాలి. ఇందుకోసం హరితరేణువు నీటి అణువును చీలుస్తుంది. మాంగనీసు పరమాణువులతో కూడిన ఒక చిన్న నిర్మాణం ఈ పని చేస్తుంది. నీరు చీలినప్పుడు ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు మొక్కకు దక్కుతాయి. ఆక్సిజన్ గాలిలోకి వెళ్ళిపోతుంది. మనం పీల్చే ప్రాణవాయువు నీటి నుంచే వస్తున్నదని 1941లో శామ్యూల్ రూబెన్, మార్టిన్ కామెన్ తదితరులు భారమైన ఆక్సిజన్ సహాయంతో నిర్ధారించారు.

ఎలక్ట్రాన్లు పొరల వెంట సాగిపోతుండగా ఏటీపీ అనే శక్తి నాణెం, క్షయకరణ శక్తి గల మరొక పదార్థం తయారవుతాయి. దీనిని కాంతి చర్య అంటారు. ఈ రెండింటినీ ఖర్చుచేసి, గాలిలోని కార్బన్ డయాక్సైడును చక్కెరగా మార్చే రెండవ దశను నిష్కాంతి చర్య అంటారు. పేరును బట్టి ఇది చీకటిలో జరిగేదని అపోహపడరాదు. దీనికి కాంతి నేరుగా అవసరం లేదని మాత్రమే భావం. ఈ దశలోని వలయాకారపు మార్గాన్ని అమెరికాలో మెల్విన్ కేల్విన్, ఆండ్రూ బెన్సన్, జేమ్స్ బాషమ్ కనుగొన్నారు. ఇందుకు గాను కేల్విన్‌కు 1961లో నోబెల్ బహుమతి లభించింది.

చిన్న ద్వారం – పెద్ద చిక్కు

ఇంతవరకు చెప్పిన యంత్రాంగమంతా సక్రమంగా పనిచేయాలంటే కార్బన్ డయాక్సైడ్ ఆకు లోపలికి రావాలి. అది వచ్చే దారి పత్రరంధ్రం. ఆకు ఉపరితలంపై చదరపు మిల్లీమీటరుకు సాధారణంగా వందకు పైగా ఇటువంటి రంధ్రాలు ఉంటాయి. ప్రతి రంధ్రానికి ఇరువైపులా తలుపురెక్కల వలె రెండు రక్షక కణాలు ఉంటాయి. అవి నీటితో ఉబ్బితే రంధ్రం తెరుచుకొంటుంది, సడలితే మూసుకొంటుంది.

ఇక్కడే మొక్కకు ఒక ధర్మసంకటం ఎదురవుతున్నది. గాలి లోపలికి వచ్చే ద్వారమే నీటిఆవిరి బయటకు పోయే ద్వారం కూడా. ఆకు లోపల తేమ నిండుగా ఉంటుంది, బయట గాలి పొడిగా ఉంటుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పదివేలలో నాలుగు పాళ్ళకు కొంచెం మించి మాత్రమే ఉన్నది. కనుక తలుపు తెరిచినప్పుడు లోపలికి వచ్చేది స్వల్పం, బయటకు పోయేది అధికం. వరి, వేరుశనగ, కంది వంటి మొక్కలలో ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువును స్థిరపరచుకోవడానికి సుమారు 400 నీటి అణువులు ఆవిరైపోతాయి. ఇలా నీరు ఆవిరి కావడాన్నే బాష్పోత్సేకం అంటారు.

మొక్క త్రాగిన నీటిలో ఆహార నిర్మాణానికి నేరుగా వినియోగమయ్యేది ఎంతో స్వల్పం. మిగిలినదంతా తలుపు తెరిచి ఉంచినందుకు చెల్లించే సుంకం. తేమగల కోనసీమలో ఈ సుంకం చెల్లించడం మొక్కకు కష్టం కాదు. రాప్తాడు పొలంలో, పలుచని ఎర్రమట్టిలో దాగిన తేమనే నమ్ముకొన్న మొక్కకు అది ప్రాణంతో బేరం. తలుపు తెరిస్తే దాహం, మూస్తే ఆకలి. కరవునేలలోని ప్రతి ఆకు పగలంతా ఈ రెండింటి మధ్య తూచి తూచి బతుకుతుంది.

1905లో ఎఫ్. ఎఫ్. బ్లాక్‌మన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త ఒక సూత్రాన్ని ప్రతిపాదించాడు. ఒక క్రియకు అనేక కారకాలు కావలసివచ్చినప్పుడు, వాటిలో అన్నింటికంటె తక్కువగా ఉన్న కారకమే ఆ క్రియ వేగాన్ని నిర్ణయిస్తుందన్నది దాని సారాంశం. దీనినే పరిమితి కారకాల సూత్రం అంటారు. ఇంట్లో బియ్యం బస్తాలకొలది ఉన్నా, ఎసటికి నీరు లేకపోతే అన్నం ఉడకదు గదా! రాప్తాడు పొలంలో ఎండ బస్తాలకొలది ఉన్న బియ్యం వంటిది. కొరవడినది నీరు. ఈ పాఠం ఆరంభంలో వేసుకొన్న ప్రశ్నకు ఇదే సమాధానం.

బెట్టలో వేరుశనగ

దక్షిణ అమెరికాలో పుట్టి, సముద్రాలు దాటి వచ్చి, అనంతపురం జిల్లా మెట్టపొలాలలో ప్రధాన పైరుగా స్థిరపడిన పంట వేరుశనగ. ఇరవయ్యవ శతాబ్దపు చివరి దశకాలలో ఇది ఈ జిల్లాలో లక్షల హెక్టార్లకు విస్తరించింది. నూనెగింజ గనుక చేతికి రొక్కం వస్తుంది. కాయలు కోసిన తరువాత మిగిలిన కట్టె పశువులకు మేత అవుతుంది. వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు నేలకు నత్రజనిని చేరుస్తాయి. రైతు ఈ పంటను ఎన్నుకోవడం వెనుక ఇన్ని కారణాలు ఉన్నాయి.

బెట్ట తగిలినప్పుడు వేరుశనగ ప్రవర్తన గమనించదగినది. దీని ప్రతి ఆకులోను నాలుగు పత్రకాలు ఉంటాయి. తేమ తగ్గినప్పుడు పత్రకాలు ఒకదానికొకటి దగ్గరై, తమ అంచులు సూర్యునివైపు ఉండేటట్లు ఒరుగుతాయి. ఎండ కోసమే పుట్టిన ఆకు ఎండ నుంచి ముఖం తిప్పుకొంటుంది! కారణం స్పష్టం. పత్రరంధ్రాలు మూసుకొంటే కార్బన్ డయాక్సైడ్ రాదు. అది రాకపోతే పట్టుకొన్న కాంతిశక్తి ఖర్చయ్యే దారి ఉండదు. ఖర్చుకాని శక్తి హరితరేణువునే దెబ్బతీస్తుంది. అందుకే మొక్క కొంత వెలుగును తప్పించుకొంటుంది, మరికొంత శక్తిని వేడిగా మార్చి వదిలివేస్తుంది. నీరు ఉన్నప్పుడు వరమైన ఎండ, నీరు లేనప్పుడు భారమవుతుంది.

వేడిమి వల్ల ఇంకొక నష్టం కూడా ఉన్నది. కార్బన్ డయాక్సైడును పట్టుకొనే రుబిస్కో అనే ఎంజైము కొంత మందకొడిది, పైగా కొంత పొరపాటు పడే స్వభావం గలది. అది సెకనుకు కొద్ది అణువులను మాత్రమే స్థిరపరచగలదు. కార్బన్ డయాక్సైడుకు బదులు అప్పుడప్పుడు ఆక్సిజన్‌ను పట్టుకొంటుంది. ఆ పొరపాటును సరిదిద్దుకోవడానికి మొక్క తాను సంపాదించిన దానిలో కొంత పోగొట్టుకొంటుంది. దీనిని కాంతి శ్వాసక్రియ అంటారు. ఎండ ముదిరి, రంధ్రాలు ముడుచుకొన్నకొద్దీ ఈ పొరపాటు పెరుగుతుంది. వేడి ప్రదేశాలలో ఇటువంటి మొక్కల సంపాదనలో నాలుగోవంతు, కొన్నిసార్లు అంతకుమించి ఈ విధంగా పోతుంది.

వేరుశనగకు ఓర్పు లేదని దీని అర్థం కాదు. పూత దశలో బెట్ట వచ్చినా, వాన కురిస్తే మళ్ళీ పూస్తుంది. కాని ఊడలు దిగి కాయ ఊరే దశలో తేమ కొరవడితే, ఆకులు పంపవలసిన చక్కెర కాయకు చేరదు. గింజ నిండని కాయలే మిగులుతాయి. విత్తనానికి, ఎరువుకు, కూలికి తెచ్చిన అప్పు మాత్రం నిండుగానే ఉంటుంది. ఆకులోని ఒక సూక్ష్మమైన రంధ్రం మూసుకోవడానికీ, ఊరిలో ఒక ఇంటి తలుపుకు తాళం పడటానికీ ఈ సీమలో ఇంతటి దగ్గరి సంబంధం ఉన్నది.

జొన్న, కొర్రల నేర్పు

ఇదే నేలలో, ఇదే ఎండలో జొన్న, కొర్ర, సజ్జ, రాగి, అరిక, సామ తరతరాలుగా పండుతూ వచ్చాయి. వీటి ఆకులలో మరొక ఏర్పాటు ఉన్నది. వేరుశనగ, వరి, కంది వంటి మొక్కలలో మొదట తయారయ్యే పదార్థంలో మూడు కర్బన పరమాణువులు ఉంటాయి గనుక వాటిని సి3 మొక్కలు అంటారు. జొన్న, కొర్ర వంటివాటిలో మొదటి పదార్థంలో నాలుగు కర్బన పరమాణువులు ఉంటాయి గనుక అవి సి4 మొక్కలు. ఈ మార్గాన్ని ఆస్ట్రేలియాలో చెరకుపై పరిశోధించిన హాల్ హ్యాచ్, రోజర్ స్లాక్ 1966లో స్పష్టంగా వివరించారు.

జొన్న ఆకును అడ్డంగా కోసి చూస్తే, ఈనెల చుట్టూ పెద్ద కణాలు దండవలె అమరి ఉంటాయి. వాటిని పుంజపు తొడుగు కణాలు అంటారు. వాటికి వెలుపల పత్రాంతర కణాలు ఉంటాయి. కార్బన్ డయాక్సైడును ముందుగా వెలుపలి కణాలలోని మరొక ఎంజైము పట్టుకొంటుంది. దీనికి రుబిస్కో వలె ఆక్సిజన్‌తో పొరపాటు పడే గుణం లేదు. పట్టుకొన్న కర్బనాన్ని అది లోపలి తొడుగు కణాలకు పంపుతుంది. అక్కడ కార్బన్ డయాక్సైడ్ మళ్ళీ విడుదలై, చిక్కగా పోగుపడుతుంది. రుబిస్కో ఆ మూసిన గదిలో ఉండి పనిచేస్తుంది. చుట్టూ కార్బన్ డయాక్సైడే నిండి ఉండటం వల్ల అది పొరపాటు పడే అవకాశం బాగా తగ్గిపోతుంది.

ఈ ఏర్పాటు వల్ల కలిగే లాభం నీటి లెక్కలో తెలుస్తుంది. లోపల కార్బన్ డయాక్సైడును చిక్కగా పోగుచేయగల శక్తి ఉన్నందున, సి4 మొక్క పత్రరంధ్రాలను కొద్దిగా తెరిచి ఉంచినా సరిపోతుంది. సి3 మొక్క ఒక కార్బన్ డయాక్సైడ్ అణువుకు సుమారు 400 నీటి అణువులు చెల్లించేచోట, సి4 మొక్క సుమారు 150 మాత్రమే చెల్లిస్తుంది. మిట్టమధ్యాహ్నపు ఎండను కూడా అది చాలావరకు వినియోగించుకోగలదు. అయితే ఈ నేర్పు ఊరక రాలేదు. కర్బనాన్ని ఒక గది నుంచి మరొక గదికి మోయడానికి అదనంగా ఏటీపీ ఖర్చవుతుంది. మబ్బు పట్టి, చల్లగా ఉండే చోట ఈ ఖర్చు దండుగ. ఎండకు లోటులేని రాప్తాడు వంటి చోట ఆ అదనపు ఖర్చును సూర్యుడే భరిస్తాడు. ఉన్నదానిని ఎక్కువగా వెచ్చించి, లేనిదానిని పొదుపు చేసుకోవడమే జొన్న, కొర్రల లోకజ్ఞానం.

పుష్పించే మొక్కల జాతులలో సి4 మార్గం అనుసరించేవి సుమారు 3 శాతమే. అయినప్పటికీ నేలపై జరిగే కిరణజన్య సంయోగక్రియలో సుమారు నాలుగోవంతు వాటి వాటాయే. పొలం గట్లపై ఎంత ఎండకైనా చావని గరిక, రైతుకు విసుగు పుట్టించే తుంగ, కాలికి గుచ్చుకొనే పల్లేరు, పెరటిలోని తోటకూర అన్నీ ఈ కోవకు చెందినవే.

ఈ విషయంలో రాయలసీమ గడ్డపైనే విలువైన పరిశోధన జరిగింది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగంలో ఆచార్య వి. ఎస్. రామదాసు, ఆచార్య ఎ. ఎస్. రాఘవేంద్ర 1970లలో సి4 మొక్కల గురించి, పత్రరంధ్రాల గురించి అనేక పరిశోధన పత్రాలు వెలువరించారు. తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన రాఘవేంద్ర సంపాదకత్వంలో కిరణజన్య సంయోగక్రియపై ఒక సమగ్ర గ్రంథాన్ని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం 1998లో ప్రచురించింది. సీమ ఎండలలో ఆకు చేసే పనిని సీమలోనే చదివి, లోకానికి చెప్పిన ఘనత వీరిది.

రాత్రి తలుపు తెరిచే మొక్కలు

రాళ్ళగుట్టల మీద, కంచెల వెంట పెరిగే నాగజెముడుది మరింత కఠినమైన నియమం. అది పగలు పత్రరంధ్రాలను మూసుకొని, చల్లని రాత్రివేళ తెరుస్తుంది. రాత్రి లోపలికి వచ్చిన కార్బన్ డయాక్సైడును ఆమ్లరూపంలో దాచుకొంటుంది. తెల్లవారిన తరువాత తలుపులు బిగించి, ఆ దాచుకొన్నదానితో ఎండలో ఆహారం వండుకొంటుంది. కలబందదీ ఇదే పద్ధతి. ఈ మొక్కలకు ఒక కార్బన్ డయాక్సైడ్ అణువుకు సుమారు 50 నీటి అణువులు చాలు. అయితే రాత్రి దాచుకోగలిగినంతే పగటి సంపాదన గనుక వీటి పెరుగుదల నెమ్మదిగా ఉంటుంది.

ఈ రెండు విద్యలూ తెలిసిన మొక్క ఒకటి మన పొలాలలోనే ఉన్నది. కూరగా వండుకొనే గంగపాయల తేమ ఉన్నప్పుడు సి4 మార్గంలో నడుస్తుంది. బెట్ట వచ్చినప్పుడు నాగజెముడు వలె రాత్రి పద్ధతిని కూడా ఆశ్రయిస్తుంది. కాలానికి తగినట్లు నడవడి మార్చుకోవడం దీనికి ప్రకృతి ప్రసాదించిన గుణం.

పొలానికి అందే పాఠం

ఉమ్మడి అనంతపురం జిల్లాలోని నంబులపూలకుంట వద్ద 2016లో తొలివిడతగా 250 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రం పనిచేయడం ప్రారంభించింది. 2022లో జిల్లాను విభజించినప్పుడు ఆ ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. సౌరఫలకం తనపై పడిన ఎండలో సుమారు అయిదోవంతును విద్యుత్తుగా మార్చగలదు. పైరు మాత్రం పెరిగే కాలమంతటిలో తనపై పడిన ఎండలో సాధారణంగా నూటికి ఒకటి రెండు వంతులనే తన శరీరంగా మార్చుకొంటుంది. సి4 మొక్కకైనా సిద్ధాంతరీత్యా సాధ్యమైన గరిష్ఠం సుమారు 6 శాతమే. ఈ లెక్క చూసి ఆకును తక్కువ అంచనా వేయరాదు. ఫలకాన్ని కర్మాగారంలో చేయాలి. ఆకు తనను తాను చేసుకొంటుంది, మరుసటి ఏటికి విత్తనాన్ని కూడా సిద్ధం చేస్తుంది. విద్యుత్తు దీపం వెలిగిస్తుంది గాని, ఆకలి తీర్చే గింజ ఆకు నుంచే రావాలి.

కనుక కరవునేలలో సేద్యం అంటే ఎండను సంపాదించే విద్య కాదు. ఉన్న ఎండకు తగినంత నీటిని పొదుపుగా జతకూర్చే విద్య. కురిసిన చినుకు పొలంలోనే ఇంకేటట్లు గట్లు వేయడం, చెరువులలో పూడిక తీయడం, నేలపై ఆకులు, చెత్త కప్పి తేమను కాపాడటం, ఊడలు దిగే వేళకు ఒక్క తడి అయినా అందించడం — ఇవన్నీ పత్రరంధ్రాన్ని మరికొన్ని గంటలు తెరిచి ఉంచే ప్రయత్నాలే. కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం రూపొందించిన కదిరి-6, కదిరి-9, కదిరి లేపాక్షి వంటి వేరుశనగ రకాలను, అనంతపురం సమీపంలోని రేకులకుంట పరిశోధన కేంద్రంలో మెట్ట పైర్లపై జరిగే కృషిని ఈ దృష్టితోనే చూడాలి.

పంటల ఎంపిక కూడా ఇటువంటిదే. వేరుశనగను విడిచిపెట్టమని ఆకు చెప్పదు. పొలమంతా ఒక్క పైరునే నమ్ముకోవద్దని చెబుతుంది. వేరుశనగ నడుమ కంది సాళ్ళు వేసే అలవాటు ఈ ప్రాంతపు రైతులకు ఉన్నది. కంది కూడా సి3 మొక్కే. అయినా దాని వేరు లోతుకు దిగి, వేరుశనగకు అందని తేమను అందుకొంటుంది. పక్కన కొంత మేర జొన్న, కొర్ర ఉంటే, తక్కువ నీటితోనే ఇంటికి తిండిగింజలు, పశువులకు చొప్ప దొరుకుతాయి. చిరుధాన్యాల విలువను గుర్తించి ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరాన్ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అయితే గుర్తింపు ఒక్కటే చాలదు. కొర్ర పండించిన రైతుకు గిట్టుబాటు ధర, దంచి శుభ్రం చేసే మరలు, కొనే వినియోగదారుడు ఉన్నప్పుడే ఆకు నేర్పిన పాఠం పొలంలో అమలవుతుంది. ఆ బాధ్యత రైతు ఒక్కనిది కాదు, తినే ప్రతి ఒక్కరిదీ.

వేరు నీటిని వెదకుతుంది. ఆకు వెలుగును పడుతుంది. ఆ రెండింటికీ నడుమ ఒక చిన్న ద్వారం నిలబడి, ఎంత తెరవాలో, ఎప్పుడు మూయాలో నిర్ణయిస్తుంది. మన కంచంలోని ప్రతి మెతుకు ఆ నిర్ణయం నుంచి వచ్చినదే. అన్నాన్ని వృథా చేయడమంటే గింజను మాత్రమే వృథా చేయడం కాదు. ఒక ఆకు పట్టుకొన్న వెలుగునూ, అందుకోసం అది వెచ్చించిన నీటినీ, ఆ నీటి కోసం మబ్బువంక చూసిన రైతు నిరీక్షణనూ వృథా చేయడమే. ఈ ఎరుక కలిగినప్పుడే కిరణజన్య సంయోగక్రియ పుస్తకంలోని పదంగా మిగలక, జీవితంలోని విజ్ఞానం అవుతుంది.

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఆకు సూర్యకాంతిని గ్రహించి ఆహారంగా మార్చే విధానాన్ని వివరించండి.
2. ఎండ పుష్కలంగా ఉన్నా రాప్తాడు ప్రాంతంలో పంటలు దెబ్బతినడానికి కారణాలను పాఠం ఆధారంగా విశ్లేషించండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. పత్రరంధ్రం వల్ల మొక్కకు ఎదురయ్యే ధర్మసంకటం ఏమిటి?
2. బెట్ట సమయంలో వేరుశనగ ఆకులు ఎందుకు ఒరుగుతాయి?
3. జొన్న ఆకులోని ప్రత్యేక ఏర్పాటును తెలపండి.
4. పరిమితి కారకాల సూత్రాన్ని మీ ఊరి అనుభవం నుంచి మరొక ఉదాహరణతో వివరించండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. చెట్టుకు ‘పాదపం’ అనే పేరు ఎందుకు వచ్చింది?
2. మనం పీల్చే ఆక్సిజన్ మొక్కలో దేని నుంచి వెలువడుతుంది?
3. నాగజెముడు పత్రరంధ్రాలను ఎప్పుడు తెరుస్తుంది?

ఈ) భాషాంశాలు
1. సూర్యకాంతి, పత్రరంధ్రం, నీటిఆవిరి, తిండిగింజలు — ఈ సమాసాలకు విగ్రహవాక్యాలు రాయండి.
2. అదను, పదును, బెట్ట, సుంకం, ధర్మసంకటం — ఈ పదాలను సొంతవాక్యాలలో ప్రయోగించండి.